స్పెయిన్ గెలిస్తే వస్తా

పోయిన నెల మా అమ్మాయి అటక మీది పాత సూట్‌కేసు దింపి, అందులోని సామానంతా నట్టింట్లో పరుచుకుని కూర్చుంది. నేను మస్కట్ నుంచి వచ్చేటప్పుడు తెచ్చుకున్న సూట్‌కేసు అది. జిప్పు ఎప్పుడో పోయింది, నవారు తాడుతో కట్టి ఉంచాను. అందులో ఒక దుప్పటి, పిడి అరిగిన తాపీ, సాంబ్రాణి లాంటి లుబాన్ ముక్కలున్న చిన్న రేకు డబ్బా, చుట్టచుట్టిన ఒక క్యాలెండరు. క్యాలెండరు ముందు వైపు బహ్లా కోట బొమ్మ. వెనక్కి తిప్పి చూసిన మా అమ్మాయి, "నాన్నా, ఇది నీ రాతే కదా? స్పెయిన్ ఎక్కడెక్కడ ఓడిపోయిందో అంతా రాసిపెట్టావేంటి?" అంది. నాకు నవ్వాగలేదు. నేను రాసిన పుస్తకాలు చదివి, గంగారాం గారూ, మీ మొదటి రచన ఏదండీ అని అడిగేవాళ్ళకు ఇంతకాలం ఏదో పత్రికలో వచ్చిన కథ పేరు చెబుతూ వచ్చాను. అది అబద్ధం. నా మొదటి రచన మస్కట్‌లోని హమ్రియాలో, రెండో అంతస్తు గదిలో, గోడకు మేకు కొట్టి తగిలించిన స్పెయిన్ ఫుట్‌బాల్ జట్టు చరిత్ర. అది రాయించింది అక్షరం ముక్క రాని మల్లన్న మేస్త్రి.

ఆ గదిలో ఏడుగురం ఉండేవాళ్ళం. అందరిదీ జగిత్యాల, మెట్‌పల్లి చుట్టుపక్కలే. అందరం ఒకే కంపెనీలో టైల్స్ పనే. నాకు అప్పటికి ముప్పయ్యేళ్ళు. డిగ్రీ రెండుసార్లు తప్పి, ఊళ్ళో చేసిన వ్యాపారం ముంచి, టైల్స్ పరవడం నేర్చుకుని వెళ్ళినవాణ్ణి. పొద్దున నాలుగింటికి లేవడం, స్నానాల గది ముందు బకెట్లు వరుసగా పెట్టడం, మేస్త్రి బకెట్ ముందుండడం ఆ ఇంటి ఆచారం. కింది అంతస్తులో ఒక ఒమానీ ముసలమ్మ ఉండేది. ఆవిడ తెల్లారగానే లుబాన్ పొగ వేసేది. ఆ పొగ మెట్లెక్కి పైకొచ్చి మా పోపు వాసనతో కలిసిపోయేది. ఇప్పటికీ ఎక్కడైనా ధూపం వాసన తగిలితే నాకు దేవుడికన్నా ముందు ఎల్లిగడ్డ వేసిన పప్పుచారు గుర్తుకొస్తుంది. శుక్రవారం సెలవు. ఆ రోజు మటన్, సాయంత్రం రూవి బజారు దాకా నడక. అక్కడ మన సరుకుల దుకాణాల్లో చింతపండును వేలితో నొక్కి చూసి, పాతది అని దుకాణదారుతో గొడవ పెట్టుకోవడం మల్లన్నకు ఇష్టమైన వినోదం.

మల్లన్నకు యాభై దగ్గరపడుతున్నాయి. సన్నటి మనిషి, మోకాళ్ళు రెండూ కాయలు కాసి నల్లగా గట్టిపడ్డాయి. ఊళ్ళో ఉన్నప్పుడు షాబాద్ బండలు పరిచేవాడట, ఒమాన్ వెళ్ళాక టైల్స్ పట్టాడు. పని చూసేటప్పుడు కళ్ళజోడు పెట్టడు, కళ్ళు మూసుకుంటాడు. రెండు టైల్స్ కలిసిన చోట బొటనవేలి గోరు జారుస్తాడు. గోరు ఎక్కడైనా తట్టిందా, ఆ టైల్ పీకాల్సిందే. ఫోర్‌మన్ బాగుందన్నా ఒప్పుకోడు. "నీ కంటికి మంచిగనే ఉంటది సార్, నా గోరుకు లేదు" అనేవాడు. అట్లాంటి మనిషికి స్పెయిన్ మీద ప్రేమ పుట్టింది ఆటను చూసి కాదు, అట్టపెట్టెను చూసి. ఆయన వెళ్ళిన కొత్తలో ఒక పెద్దింటికి స్పెయిన్ నుంచి వచ్చిన టైల్స్ పరిచాడట. పది పెట్టెలు విప్పితే ఒక్క అంచు వంకర లేదు, ఒక్క మూల విరగలేదు. "గింత సక్కగ కోసేటోళ్ళు బంతిని వంకర తంతరా?" అన్నది ఆయన వాదం.

ఈ ప్రేమలోకి వాళ్ళావిడను లాగింది కూడా ఆయనే. పేరు రాజవ్వ. నేను ఆమెను వదినె అని పిలిచేవాణ్ణి, ఫోన్లోనే పరిచయం. మా కంపెనీలో రెండేళ్ళకోసారి సెలవు. మల్లన్న ఇంటికి వెళ్ళిన ప్రతిసారీ తిరుగు ప్రయాణం నాడు ఆమె, "ఇంకెన్నడు వస్తవు మొత్తానికే?" అని అడిగేది. మొదటిసారి అడిగినప్పుడు ఆయనకేమీ తోచక, "స్పెయినోళ్ళు కప్పు గెలిస్తె వస్త తియ్" అన్నాడు. సరదాకన్న మాట. ఆమె సరదాగా తీసుకోలేదు. గుట్ట మీది అంజన్నకు కొబ్బరికాయ మొక్కింది. ఆ దేశం ఎక్కడుందో తెలియదు, ఆట ఎట్లా ఆడతారో తెలియదు, బంతి గుండ్రంగా ఉంటుందన్న ఒక్కటే తెలుసు. స్పెయిన్ ఓడిపోయింది. రెండేళ్ళకు మళ్ళీ సెలవు, మళ్ళీ అదే ప్రశ్న, అదే జవాబు, అదే మొక్కు. ప్రపంచ కప్పు, యూరప్ కప్పు మార్చి మార్చి రెండేళ్ళకోసారి వస్తాయి కాబట్టి, మా మేస్త్రి సెలవులకూ స్పెయిన్ ఓటములకూ లెక్క సరిగ్గా కుదిరేది. నేను వెళ్ళేనాటికి ఎనిమిది కాయలు మొక్కింది, ఎనిమిదిసార్లు దేవుడు వినలేదు.

మా బిల్డింగ్ కింద మొయిదు కాకా చాయ్ హోటల్ ఉండేది. మలయాళీ, గడ్డం తెల్లబడ్డ మనిషి. ఆయన దగ్గర పరోటాల ధరలు రాసే నల్లపలక ఉండేది. ఫుట్‌బాల్ కప్పు జరిగే రోజుల్లో ధరలు చెరిపేసి, ముందు రాత్రి ఆట ఫలితం సుద్దముక్కతో రాసేవాడు. కౌంటర్ కింద పాత ఆటల పత్రికలు కట్టలుగా ఉండేవి. బ్రెజిల్ ఆయన ప్రాణం. మా మేస్త్రిని చూస్తే ఆయనకు జాలి. "మల్లన్న భాయ్, స్పెయిన్ బహుత్ అచ్ఛా ఖేల్తా హై, లేకిన్ జీత్తా నహీ" అని చాయ్‌తో పాటు రోజూ ఒకసారి అందించేవాడు. బాగా ఆడతారు గాని గెలవరు అని. ఒక శుక్రవారం మల్లన్నకు రోషం వచ్చింది. "కాకా చెప్పేది నిజమో కాదో రాసిపెడదాం పా గంగారాం, పాత క్యాలెండర్ తే" అన్నాడు. కాకా పత్రికలు తిరగేస్తూ హిందీలో చెప్పాడు, నేను తెలుగులో రాశాను. మల్లన్న ఒక్కొక్క వాక్యం చదివించుకుని, ఇల్లు అప్పగించేముందు నేల చూసినట్టు, కళ్ళు మూసుకుని విన్నాడు.

ఆ చరిత్ర ఇప్పుడు నా ముందుంది. మొదటి వాక్యం గొప్పగానే ఉంది: మల్లన్న మూడేళ్ళ పిల్లవాడిగా ఉన్నప్పుడు స్పెయిన్ సొంతగడ్డ మీద రష్యావాళ్ళను ఓడించి యూరప్ కప్పు గెలిచింది. ఆ తర్వాత నలభై నాలుగేళ్ళు ఏమీ లేదు. ఒకసారి ఫైనల్ దాకా వెళ్తే, చేతికందిన బంతి గోల్‌కీపర్ పొట్ట కిందినుంచి జారి గీత దాటింది. ఒకసారి ఇటలీ ఆటగాడు మోచేత్తో కొడితే స్పెయిన్ ఆటగాడి ముక్కు పగిలి రక్తం కారింది, రిఫరీకి కనపడలేదు. ఇంకోసారి చివరి ఆటలో ఆరు గోల్స్ కొట్టి మరీ మొదటి దశలోనే ఇంటికి పోయారు. మరోసారి ఆఖరి నిమిషంలో పెనాల్టీ దొరికితే బంతిని గోల్ మీదినుంచి ఆకాశంలోకి తన్నారు. కొరియాలో రెండు గోల్స్ కొడితే రెండూ చెల్లవన్నారు. కాకా ఇంకో విచిత్రం చెప్పాడు. మూడు వేర్వేరు కప్పుల్లో, బెల్జియం చేతిలో ఒకసారి, ఇంగ్లండ్ చేతిలో ఒకసారి, కొరియా చేతిలో ఒకసారి, స్పెయిన్ పెనాల్టీల్లో ఓడిపోయింది ఒకే తేదీన, జూన్ ఇరవై రెండున. అది విన్న మల్లన్న చాయ్ గ్లాసు కింద పెట్టి, "ఆ తారీకు మీద దిష్టి ఉన్నది" అన్నాడు. ఆ మాట కూడా రాశాను. ఇన్నేళ్ళలో ఎన్నో రాశాను గాని, ఇంత దుఃఖం నిండిన చరిత్ర మళ్ళీ రాయలేదు, ఇంతగా నవ్వుతూ కూడా రాయలేదు.

మల్లన్న స్పెయిన్ ఆట ఒక్కటి కూడా చూడలేదు. తను చూస్తే ఓడిపోతారని నమ్మకం. ఆటలు జరిగే వేళకు ముసుగుతన్ని పడుకునేవాడు. పొద్దున ఐదింటికి బస్సు కోసం కిందికి దిగగానే, పలకకు వీపు పెట్టి నిలబడి, "చదువు" అనేవాడు. చదవడం నా డ్యూటీ. ఆ ఏడాది, అంటే రెండువేల ఎనిమిదిలో, యూరప్ కప్పులో మొదటి ఆట రష్యా మీద నాలుగు గోల్స్. తర్వాత స్వీడన్, తర్వాత గ్రీస్. అన్నీ గెలుపులే. గదిలో అందరూ స్పెయిన్ పార్టీ అయిపోయారు. వాళ్ళు బంతిని దూరంగా తన్నరని, పక్కవాడికి, ఆ పక్కవాడికి సందు లేకుండా అందిస్తూ పోతారని కాకా చేతులతో చూపిస్తే, మల్లన్న మురిసిపోయి, "అగ్గో, టైల్ పక్కన టైల్ పెట్టినట్టు!" అన్నాడు.

ఆ తర్వాత క్వార్టర్ ఫైనల్ ఇటలీతో అన్నారు. ఆట తేదీ జూన్ ఇరవై రెండు. ముక్కు పగలగొట్టినవాళ్ళే, దిష్టి తగిలిన తారీకే. మర్నాడు పొద్దున పలక ముందు నేను నోరు తెరవడానికి కాస్త తడుముకున్నాను. "చదువురా, సచ్చిండ్రా?" అన్నాడు మల్లన్న వెనక్కి తిరక్కుండా. రెండు వైపులా సున్నా. పెనాల్టీలు. "గెలిచిండ్రు మేస్త్రీ, నాలుగు రెండు" అన్నాను. బస్సు డ్రైవర్ పఠాన్ కూడా హారన్ కొట్టడం మాని చప్పట్లు కొట్టాడు. శుక్రవారం పొద్దున సెమీఫైనల్ ఫలితం కూడా వచ్చింది, మళ్ళీ రష్యా మీద మూడు గోల్స్. మేమంతా ఎగురుతుంటే మల్లన్న మాత్రం చాయ్ సగంలో వదిలేసి పైకి వెళ్ళిపోయాడు. ఆ రోజు మటన్ కూర తనే వండుతానని పట్టుబట్టి, ఉప్పు రెండుసార్లు వేశాడు. నాకు అప్పుడు వెలిగింది. ఈ మనిషికి వాళ్ళు గెలవాలనీ ఉంది, గెలుస్తారేమోననీ భయంగా ఉంది.

ఫైనల్ జర్మనీతో. సోమవారం పొద్దున కిందికి దిగేసరికి మొయిదు కాకా పలక పక్కన నిలబడి ఉన్నాడు, గడ్డం నిండా నవ్వు. పలక మీద ఎప్పటికన్నా పెద్ద అక్షరాలు. స్పెయిన్ ఒకటి, జర్మనీ సున్నా. నేను చదివాను. ఏడుగురిలో ఆరుగురం కేకలు వేశాం. ఏడో మనిషి మెల్లగా వెనక్కి తిరిగి, తనకు రాని అక్షరాలవైపు చాలాసేపు చూశాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "గెలిచిండ్రా... నలభై నాలుగేండ్లకు" అన్నాడు. మరుక్షణం నా మోచెయ్యి పట్టుకుని, "గంగారాం, ఇంటికి మాత్రం ఎవ్వలు ఫోన్ చెయ్యద్దు" అన్నాడు. ఆ మాట పూర్తి కాకముందే ఆయన జేబులో ఫోన్ మోగింది.

రాజవ్వ వదినెకు ఒక పద్ధతి ఉండేది. ఒక్క మిస్డ్ కాల్ ఇస్తే అంతా క్షేమం, రెండిస్తే పనుంది చెయ్యమని. ఆ రోజు ఫోన్ ఆగకుండా మోగుతూనే ఉంది. కుడితిలో పడ్డ ఎలుకలా అటూ ఇటూ చూసి, తప్పక ఎత్తాడు. ఆయన ఫోన్ చెవి దగ్గర పనిచెయ్యదు, స్పీకర్ మీదే మాట్లాడాలి. అందుకని మేమందరం విన్నాం.

"గెలిసిండ్రట" అంది ఆమె.

"ఎవలు?"

"ఎవలా? నీ స్పెయినోళ్ళు. బడి సారు టీవీల జూసి, పొద్దుగాల్నే వాకిట్లకొచ్చి చెప్పిపోయిండు."

"అది... అది పెద్ద కప్పు కాదే. యూరపోళ్ళు వాళ్ళల్ల వాళ్ళు ఆడుకునేది. అసలు కప్పు ఇంకో రెండేండ్లకున్నది."

"కప్పు గెలిస్తె వస్తనన్నవా, పెద్ద కప్పు గెలిస్తె వస్తనన్నవా?"

మల్లన్న దిక్కులు చూశాడు. చూసి చూసి నామీద కళ్ళు నిలిపాడు. నాలుగు నెలల కిందట ఆయన చెబుతుంటే ఇంటికి ఉత్తరం రాసింది నేనే. అందులో ఈ మాట కూడా ఉంది. "గంగారాం, నువ్వు చెప్పురా" అన్నాడు. కళ్ళు మాత్రం వేరే ఏదో చెప్పమంటున్నాయి. నన్ను పనిలో నిలబెట్టింది ఆయన. నాకు జ్వరమొస్తే మూడు రోజులు గంజి కాచింది ఆయన. ఒక్క అబద్ధం అడుగుతున్నాడు. కాకా చాయ్ వడకట్టడం ఆపేశాడు, ఆయనకు తెలుగు రాకపోయినా పరిస్థితి అర్థమైంది.

"కప్పనే అన్నడు వదినె. పెద్దదనలేదు" అన్నాను.

ఆమె, కోపం లేకుండా, పక్కన కూర్చుని చెప్పినట్టు అంది: "పద్దెనిమిదేండ్ల సంది మొక్కుతున్న. ఏ దేశపోళ్ళో ఏమో, నా మొకం ఎరుగరు. గయినా ఆళ్ళు నా మాట ఇన్నరు. నువ్వు ఇనవా?"

బస్సులో మల్లన్న నాతో మాట్లాడలేదు. ఆ రోజు మేం పరుస్తున్నది ఒక ఇంటి ముందుగది. పదింటికల్లా ఆయన పరిచిన వరుసలో నా గోరు తట్టింది. నేను చెప్పలేదు, ఆయనే కనిపెట్టి మూడు టైల్స్ పీకేశాడు. మధ్యాహ్నం ఎండకు పని ఆపే వేళ, ఖాళీ పెట్టెలు పరుచుకుని పడుకున్నాం. అప్పుడు పైకప్పు చూస్తూ చెప్పాడు. "నీ మీద కోపం లేదురా. భయమైతుంది. ఇల్లు కట్టిన, బిడ్డల పెండ్లిళ్ళు చేసిన. ఇప్పుడు పోతే నేనేం చెయ్యాలె? సెలవుల పోతే సుట్టపోని లెక్క సూస్తరు. మంచినీళ్ళు తాగుదామంటే గిలాసలు ఏడ పెడుతరో నాకు తెల్వది. అడిగితె నా పెండ్లామే లేచి తెచ్చిస్తది. నా ఇంట్ల నేను నీళ్ళు అడుక్కోవాల్నా? ఈడ సూడు, నా గిలాస ఏదో మన గదిల ఏడుగురికీ ఎరుకే." ఓడిపోయే జట్టును ఎంచుకుని ఒట్టు పెట్టుకున్న మనిషి మనసులో ఇంత ఉందని నేను ఊహించలేదు. నాకు జాలేసింది. అయినా నా నోరు ఊరుకోదు కదా. "మేస్త్రీ, రెండు నెలలల్ల గిలాస ఏడుందో దొరుకుతది. దొరకకుంటే మళ్ళ రా, నీ బకెట్ ముందరనే పెడతం" అన్నాను. లేచి కూర్చుని నవ్వాడు. సాయంత్రం ఫోర్‌మన్ దగ్గరికి పోయి, ఇక తన వీసా రద్దుచేసి ఎగ్జిట్ కొట్టించమన్నాడు.

వెళ్ళేనాడు మొయిదు కాకా పలక మీద ఏమీ రాయలేదు, శుభ్రంగా తుడిచి పెట్టాడు. ఒమానీ ముసలమ్మ హల్వా డబ్బా పంపింది. మల్లన్న సూట్‌కేసులో లుంగీల మధ్య ఒక స్పెయిన్ టైల్ భద్రంగా చుట్టి పెట్టుకున్నాడు, సైట్లో మిగిలినదాన్ని ఇంటి యజమానిని అడిగి తీసుకున్నది. ఇంకో రెండేళ్ళకు స్పెయిన్ అసలు ప్రపంచ కప్పు కూడా గెలిచింది. ఆ పొద్దున మల్లన్న ఊరినుంచి నాకు ఫోన్ చేసి, "ఇన్నవా? మా రాజవ్వ అంటున్నది, గప్పుడు రాకుంటే గిప్పుడు రావాల్సి వస్తుండె అని" అంటూ పకపకా నవ్వాడు. ఇంకో రెండేళ్ళకు మళ్ళీ యూరప్ కప్పు కూడా వాళ్ళదే. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు. మా మేస్త్రి తెలివికి స్పెయిన్ వాళ్ళు పెట్టిన వాత అది. మా గదిలో ఇంకెవరూ ఏ జట్టు మీదా ఒట్టు పెట్టుకోలేదు.

నేను వచ్చేసి చాలా కాలమైంది. ఇప్పుడు గోల్ పడ్డ క్షణంలో మా అమ్మాయి చేతిలోని ఫోన్ టింగుమంటుంది. ఎవరికైనా వీపు తిప్పి నిలబడి, ఇంకొకరిని చదవమని అడిగే అవసరం లేదు. బాగుంది, కాదనను. అప్పట్లో ఇంటి గొంతు వినాలంటే ఎంత తిప్పలో నాకు తెలుసు, ఇప్పటి పిల్లలు వీడియోలో పక్కనే కూర్చున్నట్టు మాట్లాడుకుంటుంటే సంతోషంగానే ఉంటుంది. కానీ ఐదింటి చీకట్లో, సుద్దముక్కతో రాసిన రెండు అంకెల ముందు ఏడుగురు మనుషులు ఊపిరి బిగబట్టి నిలబడడం మాత్రం నాకు మళ్ళీ దొరకలేదు. ఆ పలక ముందు నేను చదివినంత జాగ్రత్తగా ఇంకేదీ చదివినట్టు గుర్తులేదు.

క్యాలెండరు చుట్టి చంకన పెట్టుకుని మొన్న మల్లన్న ఊరికి వెళ్ళాను. గడప ముందు ఆ స్పెయిన్ టైల్ పరిచి ఉంది, చుట్టూ ముగ్గు. చెప్పులు విడిచి, కళ్ళు మూసుకుని, అంచు మీద గోరు జార్చాను. తట్టలేదు. నన్ను చూడగానే మల్లన్న లేచి లోపలికి వెళ్ళి, ఎవర్నీ అడక్కుండా రెండు గ్లాసుల నీళ్ళు పట్టుకొచ్చాడు. రాజవ్వ వదినె పొయ్యి దగ్గరినుంచి, "తమ్మీ, మీ గదిల గోడకు తగిలేసిన ఆ కాయితంల ఏమున్నదో చదువు, నాకెన్నడూ ఎవ్వలు చెప్పలే" అంది. చదివాను. గోల్‌కీపర్ పొట్ట, పగిలిన ముక్కు, ఆకాశానికెగిరిన బంతి, జూన్ ఇరవై రెండు. ఆమె ప్రతి ఓటమికీ, "ఔ, ఆ యేడు మా పెద్దపిల్ల ఏడో తరగతి", "ఆ యేడు మా మామ సచ్చిపోయిండు, ఈయన రాలే" అని తన లెక్క కలుపుతూ పోయింది. అంతా అయ్యాక నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "గిన్నిసార్లు ఓడిండ్రా పాపం! ఓడేటోళ్ళని ఏరుకోని ఒట్టు పెట్టిండని నాకు ఎప్పుడో ఎరుకే తమ్మీ. ఈయన మారడని, ఇగ ఆళ్ళనన్న మార్చమని దేవునికి మొక్కిన."

మల్లన్న తల దించుకుని గోరు చూసుకున్నాడు.

చరిత్ర చివరి ఓటమి దగ్గరే ఆగిపోయింది. కప్పు గెలిచిన పొద్దున దాన్ని పూర్తిచెయ్యడం నాకు తోచలేదు. కింద ఇంకా నాలుగు వేళ్ళంత జాగా ఉంది. నేను జేబులోంచి పెన్ను తీసి, "వదినె, ఇప్పుడు చెప్పు, గెలిచిన సంగతి ఎట్ల రాయాలె? ఏ ఊళ్ళె, ఎవల మీద, ఎన్ని గోల్స్?" అన్నాను.

"గవన్ని ఎందుకు? మా ఆయన ఇంటికొచ్చిండని రాయి" అంది.

అదే రాశాను.